కిక్కు తిరిగినంత మాత్రాన హెడ్ సెట్ అయినట్టు కాదు

(అనంతపురంలో యువ మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వెనకున్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాను సౌండు ఎక్కువగానే ఉంది గానీ, ఈ ఎండలో దాన్ని ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. నేనే గట్టిగా మాట్లాడతాను.

నేరుగా విషయానికి వస్తా. మన దగ్గర ఇంజన్ మాడిఫికేషన్ అంటే ఏం చేస్తాం? పెద్ద పిస్టన్ వేస్తాం, పెద్ద వాల్వులు వేస్తాం, హెడ్ ఫేసింగ్ చేయిస్తాం, అంటే హెడ్ అడుగు కాస్త కోయిస్తాం, బెంగళూరు జేసీ రోడ్డు నుంచి వాల్వులను తెరిచే క్యామ్ తెప్పిస్తాం. ఇవన్నీ బిగించాక కిక్కు రాడ్డు చేత్తో మెల్లగా నొక్కి చూసి, "తగల్లేదన్నా, ఫ్రీగా తిరుగుతోంది" అనేసి స్టార్ట్ చేసేస్తాం. నాకు గొడవంతా ఆ ఒక్క మాటతోనే. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య పావు మి.మీ. ఉన్నా చేత్తో తిప్పినప్పుడు తగలదు, రెండు మి.మీ. ఉన్నా తగలదు. మీ చేతికి రెండూ ఒకేలా ఉంటాయి. 9,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 150 సార్లు తిరుగుతుంది, అంటే వాల్వూ పిస్టనూ అట్లా దగ్గరికి వచ్చేది సెకనుకు 75 సార్లు. అక్కడ పావు మి.మీ. అంటే ఏమీ లేనట్టే. కాబట్టి తగిలిందా లేదా అని కాదు, ఎంత గ్యాప్ ఉంది అని అడగాలి, దానికి జవాబు అంకెల్లో రావాలి.

నేను చెప్పేది టాపెట్ సెట్టింగ్ గురించి కాదు. అది పైన, వాల్వును నొక్కే రాకర్ దగ్గర ఫీలర్ గేజ్ పెట్టి చూసేది, కంపెనీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది మీకు వచ్చు. ఇది లోపల, వాల్వు తలకూ పిస్టన్ నెత్తికీ మధ్య ఉండే చోటు. కంపెనీ ఇంజన్‌లో దీన్ని కంపెనీవాళ్లే చూసి పెట్టారు కాబట్టి మనకు ఎప్పుడూ పని పడలేదు. ఒక్క పార్టు మార్చారంటే మాత్రం, ఆ రోజు నుంచి అది చూసుకోవాల్సింది మీరే.

ఆర్‌ఎక్స్ 100 వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే కాసేపు టీ తాగి రావచ్చు. మీది టూ స్ట్రోక్, అందులో ఇట్లాంటి వాల్వులే ఉండవు, ఈ బాధే లేదు. [నవ్వులు]

ఎక్కువమంది అనుకునేది ఏమిటంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు, అంటే టీడీసీ దగ్గర, గ్యాప్ అన్నిటికంటే తక్కువగా ఉంటుందని. అందుకే క్రాంక్ చివర ఉండే మ్యాగ్నెట్ మీద, టీడీసీని చూపే టీ మార్కు కలిపి అక్కడే చూసి వదిలేస్తారు. అది తప్పు. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కదా, పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి కంప్రెషన్‌లో, అప్పుడు వాల్వులు రెండూ మూసి ఉంటాయి, భయం లేదు. రెండోసారి ఎగ్జాస్ట్ స్ట్రోక్ ముగింపులో. అప్పుడు పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకుంటూ ఉంటుంది, గాలీ పెట్రోలూ లోపలికొచ్చే ఇన్‌టేక్ తెరుచుకోవడం మొదలుపెట్టి ఉంటుంది. ఓవర్‌ల్యాప్ అంటామే, అదే. ఎగ్జాస్ట్ వాల్వు పైకి పోతోంది, దాని వెనకే పిస్టన్ తరుముకుంటూ వస్తోంది. టీడీసీ దాటాక కథ తిరగబడుతుంది, పిస్టన్ కిందికి పోతోంది, ఇన్‌టేక్ వాల్వు దాని వెనక పడుతుంది. అందుకని ఎగ్జాస్ట్ అన్నిటికంటే దగ్గరయ్యేది సాధారణంగా టీడీసీకి 10 నుంచి 20 డిగ్రీల ముందు, ఇన్‌టేక్ దగ్గరయ్యేది టీడీసీ దాటాక 10 నుంచి 20 డిగ్రీలకు. ఏ ఇంజన్‌లో సరిగ్గా ఎన్ని డిగ్రీలు అనేది క్యామ్ మీద ఆధారపడుతుంది, అది కొలిస్తేనే తెలుస్తుంది.

ఎందుకిట్లా అని డౌట్ వస్తే లెక్క చూడండి. స్ప్లెండర్ 97.2 సీసీ ఇంజన్ స్ట్రోక్ 49.5 మి.మీ. టీడీసీ దాటి 10 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది దాదాపు అర మి.మీ. మాత్రమే. 20 డిగ్రీలకు కూడా రెండు మి.మీ. నిండా దిగదు. పాత 350 బుల్లెట్ స్ట్రోక్ 90 మి.మీ., అందులో 10 డిగ్రీలకు 0.8, 0.9 మధ్యలో దిగుతుంది, 20కి మూడు దాటుతుంది. అంటే పైన పిస్టన్ దాదాపు నిలబడినట్టే ఉంటుంది. అదే సమయంలో ఇన్‌టేక్ వాల్వు స్పీడు అందుకుంటోంది. మీరు వేసిన పెద్ద క్యామ్ దాన్ని ఇంకా ముందుగా, ఇంకా వేగంగా తోస్తోంది. అందుకే క్యామ్ డబ్బా మీద రాసే గరిష్ఠ లిఫ్ట్, అంటే వాల్వు ఎంత తెరుచుకుంటుందో ఆ అంకె, చూసి కంగారు పడాల్సిన పని లేదు. వాల్వు పూర్తిగా తెరుచుకునే సమయానికి పిస్టన్ ఎక్కడో కింద ఉంటుంది. మీరు అడగాల్సింది టీడీసీ దగ్గర ఆ క్యామ్ ఎంత లిఫ్ట్ ఇస్తుంది అని. అది రాయని క్యామ్ అమ్మేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

ఇన్‌టేక్ కంటే ఎగ్జాస్ట్‌కు ఎక్కువ గ్యాప్ వదలమంటారు. ఎందుకంటే, ఆర్‌పీఎం హద్దు దాటినప్పుడు వాల్వు స్ప్రింగ్ క్యామ్‌ను అనుసరించలేదు, వాల్వు మూసుకోవడం ఆలస్యమవుతుంది. వాల్వ్ ఫ్లోట్ అంటాం. ఇన్‌టేక్ ఆలస్యంగా మూసుకుంటే ఆ సమయానికి పిస్టన్ దూరంగానే ఉంటుంది, చాలాసార్లు బతికిపోతాం. ఎగ్జాస్ట్ ఆలస్యమైతే మాత్రం పిస్టన్ దాని మీదికే వస్తోంది. ఓవర్ రెవ్ అయితే ముందు వంగేది అదే. ఇంకో మాట, ఆర్‌పీఎం లిమిటర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. గువ్వలచెరువు ఘాట్ దిగుతూ నాలుగో గేరు నుంచి తొందరలో రెండో గేరుకు వేసి క్లచ్ వదిలారనుకోండి, ఇంజన్‌ను తిప్పేది వెనక చక్రం. లిమిటర్ స్పార్క్ కట్ చేస్తుంది, చక్రాన్ని కట్ చేయలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక్కొక్క మార్పు విడివిడిగా చూస్తే చిన్నదే, అన్నీ కలిసి గ్యాప్‌ను తినేస్తాయి. హెడ్ అర మి.మీ. ఫేసింగ్ చేయించారు. లేత్ మీద చేసే అన్న వేరుశనగ ఒలిచే మిషన్ల షాఫ్టులు తిప్పుకునే మనిషి, అడిగినంత నున్నగా కోసి ఇస్తాడు, ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. వాల్వు ఆ అర మి.మీ.కి కాస్త అటూ ఇటుగా పిస్టన్ వైపు దిగింది. అంతటితో అయిపోలేదు. హెడ్ దిగింది కాబట్టి క్యామ్ క్రాంక్‌కు దగ్గరైంది, టైమింగ్ చైన్ పొడవు మాత్రం అంతే ఉంది. ఆ వదులును, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ తన వైపు లాక్కుంటుంది, దాంతో క్యామ్ టైమింగ్ కాస్త వెనకబడుతుంది. చిన్న ఇంజన్లలో అది క్రాంక్ మీద ఒకటి రెండు డిగ్రీలు. వెనకబడితే ఇన్‌టేక్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, దానికి మేలే. ఎగ్జాస్ట్ కూడా ఆలస్యంగా మూసుకుంటుంది, దాని గ్యాప్ ఇంకా తగ్గుతుంది. ఒక్క ఫేసింగ్‌తో ఎగ్జాస్ట్‌కు రెండు దెబ్బలు.

దాని మీద పల్చటి హెడ్ ప్యాకింగ్, అదే గ్యాస్కెట్, వేస్తారు. వేరే బండి పిస్టన్ వేస్తే పిన్ను నుంచి నెత్తి దాకా ఎత్తు తేడా ఉంటుంది, బోర్ సైజు చూసినంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చూడరు. ఆ పిస్టన్ మీద వాల్వు కోసం తీసిన పాకెట్ దాని సొంత వాల్వు సైజుకు, దాని సొంత కోణానికి తీసింది, మీ వాల్వుకు కాదు. ఇంకొకటి, వాల్వ్ సీట్ కొత్తది వేయించినా గ్యాప్ మారుతుంది. పాత సీట్ మళ్లీ మళ్లీ రుద్ది రుద్ది వాల్వు లోపలికి కూర్చుని ఉంటుంది, అప్పుడు పిస్టన్‌కు దూరం ఎక్కువ. కొత్త సీట్‌తో వాల్వు మళ్లీ బయటికొస్తుంది. క్యామ్ ముట్టుకోలేదు, పిస్టన్ ముట్టుకోలేదు, అయినా గ్యాప్ తగ్గింది. ఎవరికీ అనుమానం కూడా రాదు.

సరే, కొలవడం ఎట్లా? తక్కువ ఖర్చుది క్లే పద్ధతి. పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుల క్లే, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. మట్టి వద్దు, అందులో ఇసుక ఉంటుంది. చపాతీ పిండి పెట్టొచ్చా అని ఒకాయన అడిగాడు, సంగటి ముద్ద కూడా పెట్టొచ్చు, తినడానికైతే. [నవ్వులు] పిండి నొక్కితే మళ్లీ లేస్తుంది, కొలత తప్పొస్తుంది.

పిస్టన్ నెత్తిని పెట్రోలుతో శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. వాల్వు వచ్చే చోట ఐదారు మి.మీ. మందంగా క్లే అద్దండి, పాకెట్ నిండి అంచులు దాటి బయటికి కూడా ఉండాలి, ఎందుకో చెప్తా. వాల్వు తలకు, క్లే పైభాగానికి కాస్త ఇంజన్ ఆయిల్ రాయండి, లేకపోతే క్లే వాల్వుకు అంటుకుని పైకి పోతుంది, చేసిందంతా వృథా. హెడ్ ప్యాకింగ్ పెట్టాల్సిందే. చివరికి ఏ రకం వేస్తారో ఆ రకమే, ముందు వాడి నలిగినదైతే మంచిది, కొత్తది ఇక్కడ పాడు చేసుకోవద్దు. హెడ్ బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. "చూడ్డానికే కదన్నా, చేత్తో బిగిస్తే చాల్లే" అంటారు. చాలదు. మనం వెతికేది మిల్లీమీటరులో పదో వంతులు. టైమింగ్ చైన్, టెన్షనర్ అన్నీ ఉండాలి, మార్కులు కలవాలి. స్ప్రాకెట్‌కు 28 పళ్లు ఉన్నాయనుకోండి, ఒక్క పన్ను తప్పితే క్యామ్ మీద దాదాపు 13 డిగ్రీలు, క్రాంక్ మీద 26 డిగ్రీలు. అట్లా తప్పిన ఇంజన్‌ను కొలిచి లాభమేముంది?

టాపెట్ గ్యాప్ మాత్రం సున్నా పెట్టండి. ఇంజన్ వేడెక్కితే ఆ గ్యాప్ మారుతుంది, అంతా పోయినా వాల్వు ఇంతకంటే ఎక్కువ దిగలేదు అన్న స్థితిలోనే మనం కొలవాలి.

ఇక ప్లగ్ తీసేసి, మ్యాగ్నెట్ నట్టుకు స్పానర్ పెట్టి, ఇంజన్ తిరిగే దిక్కులోనే మెల్లగా క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. కిక్కు వద్దు, సెల్ఫ్ అసలే వద్దు. క్లే నలిగేటప్పుడు మెత్తగా అడ్డుపడుతుంది, అది చేతికి తెలుస్తుంది. గట్టిగా ఆగిపోతే అక్కడే ఆపేయండి, అది ఇనుము. బలం ఉపయోగించారా, ఇంజన్ స్టార్ట్ కాకుండానే వాల్వు వంచిన ఘనత మీదే.

హెడ్ విప్పితే క్లే మీద వాల్వు అచ్చు పడి ఉంటుంది. బ్లేడు తడిపి ఆ అచ్చును అడ్డంగా కోయండి, పల్చగా ఉన్న చోట వెర్నియర్ డెప్త్ రాడ్‌తో కొలవండి. మధ్యలో మాత్రమే కొలిచి వదిలేయొద్దు, వాల్వు ఏటవాలుగా వస్తుంది కాబట్టి చాలాసార్లు ఒక అంచు దగ్గరే పల్చగా ఉంటుంది. ఇప్పుడు పాకెట్ అంచులు దాటి క్లే పెట్టమన్నది ఎందుకో చూడండి. కింద చోటు ఉండి పక్కన లేకపోయినా ప్రమాదమే. పెద్ద వాల్వు వేసినవాళ్లకు కింద రెండు మి.మీ. కనపడుతుంది, పక్కకు చూస్తే వాల్వు అంచు పాకెట్ గోడను గీరుకుంటూ పోతుంటుంది. చుట్టూ కనీసం 1.25 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. నాలుగు వాల్వుల హెడ్ అయితే నాలుగింటికీ విడివిడిగా చూడండి, ఒకటి బాగుంటే దాని పక్కది కూడా బాగుంటుందని లేదు.

అంకెలు అడుగుతారు కదా. ఇన్‌టేక్‌కు ఒక మి.మీ., ఎగ్జాస్ట్‌కు ఒకటిన్నర మి.మీ., ఇది కనీసం. మంచి స్ప్రింగులు ఉండి, జాగ్రత్తగా నడిపే చేతిలో ఉన్న బండికి. ఊళ్లో తిప్పే బండికి, ఎవరో ఒకరు అడిగి తీసుకుపోయే బండికి నేనైతే ఇన్‌టేక్‌కు ఒకటిన్నర, ఎగ్జాస్ట్‌కు రెండు వదులుతాను. క్యామ్ కింద ఉండి కడ్డీలతో వాల్వులను తోసే పుష్‌రాడ్ ఇంజన్లకు ఇంకాస్త వదలడం మేలు. మధ్యలో అన్ని పార్టులున్నాయి, అన్నీ ఎంతో కొంత వంగేవే. పెద్ద కార్ల వీ8 పుష్‌రాడ్ ఇంజన్లలో రెండు, రెండున్నర వదలడం మామూలు.

క్లే పద్ధతికి ఒక లోటుంది. గ్యాప్ ఎంతో చెప్తుంది, ఎన్ని డిగ్రీల దగ్గరో చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే చిన్న కదలికను కూడా చూపే డయల్ గేజ్ కావాలి. కంపెనీ వాల్వు స్ప్రింగులు తీసేసి చేత్తో నొక్కితే దిగేంత మెత్తటి స్ప్రింగులు వేస్తారు, స్ప్రింగును పట్టి ఉంచే రిటైనర్ మీద గేజ్ ముల్లు ఆనిస్తారు. క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే డిగ్రీ వీల్ కొనక్కర్లేదు, 360 డిగ్రీలు గీసిన కాగితం ప్రింటు తీసి పాత సీడీకి అతికిస్తే చాలు. టీడీసీ మాత్రం టీ మార్కును నమ్మి పెట్టకండి. ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్‌కు అడ్డంగా ఒక స్టాపర్ బిగించి, ఒక వైపు మెల్లగా తిప్పితే ఎక్కడ ఆగిందో రాసుకోండి, రెండో వైపు తిప్పి అదీ రాసుకోండి, రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండేది నిజమైన టీడీసీ. అక్కడి నుంచి ఎగ్జాస్ట్‌కు 25 డిగ్రీల ముందు మొదలుపెట్టి, రెండు మూడు డిగ్రీలకొకసారి ఆపి, వాల్వును వేలితో పిస్టన్‌కు తగిలేదాకా నొక్కండి, గేజ్ ఎంత కదిలిందో అదే ఆ డిగ్రీ దగ్గర గ్యాప్. ఉదాహరణకు 20 దగ్గర 2.1, 15 దగ్గర 1.8, 10 దగ్గర 1.6, 5 దగ్గర 1.7, టీడీసీ దగ్గర 2.0 వచ్చాయనుకోండి. టీడీసీ దగ్గర మాత్రమే చూసినవాడు రెండు మి.మీ. ఉంది అనుకుని పోతాడు, నిజంగా ఉన్నది 1.6. ఇన్‌టేక్‌కు ఇదే పని టీడీసీ అవతల.

మెత్తటి స్ప్రింగులు ఉన్నప్పుడే ఇంకొకటి చూసేయండి. ఓవర్‌ల్యాప్‌లో రెండు వాల్వులూ తెరిచి ఉంటాయి కదా, ఒకదానికొకటి తగలకూడదు. రెండిటి మధ్య కూడా ఒకటిన్నర మి.మీ. ఉండాలి. క్లే ఇది చెప్పదు. తర్వాత అసలు స్ప్రింగులు వేసినప్పుడు పూర్తి లిఫ్ట్ దగ్గర స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా, రిటైనర్ వచ్చి ఆయిల్ సీల్‌ను గుద్దకుండా చోటుందా లేదా, అదీ చూడాలి.

బుల్లెట్ వాళ్లకు ఒక హెచ్చరిక. యూసీఈ ఇంజన్లలో, అంటే ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే డబ్బాలో ఉండే ఆ 350, 500ల్లో, ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అసలు స్ప్రింగు బలానికి అవి లోపలికి కుంగిపోతాయి, వాల్వు పూర్తిగా దిగదు. క్లే చూస్తే చోటు బ్రహ్మాండంగా ఉంటుంది. అది అబద్ధం. కొలిచేంతవరకు వాటి బదులు కుంగని టాపెట్ పెట్టాలి, లేదా మెత్తటి స్ప్రింగులతో డయల్ గేజ్ పద్ధతికే పోవాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

[ప్రశ్న: గ్యాప్ తక్కువ వస్తే ఏం చేయాలన్నా? ప్యాకింగ్ మందం పెంచితే సరిపోతుంది కదా?]

గ్యాప్ పెరుగుతుంది అబ్బీ, కానీ హెడ్ అంచుకూ పిస్టన్‌కూ మధ్య స్క్విష్ అనే సందు కూడా పెరిగిపోతుంది. అది ఒక మి.మీ. దగ్గర ఉంటే గాలీ పెట్రోలూ బాగా కలిసి మండుతాయి, పెరిగితే నాకింగ్ మొదలవుతుంది. మరి హెడ్ ఫేసింగ్‌కు పెట్టిన డబ్బు దేనికి? ముందు టైమింగ్ చూడు. క్యామ్ కాస్త ముందుకు జరిపితే ఎగ్జాస్ట్ గ్యాప్ పెరిగి ఇన్‌టేక్ తగ్గుతుంది, వెనక్కి జరిపితే అది రివర్స్. స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలు సాగదీసుకుంటే ఒకటి రెండు డిగ్రీలు సర్దుకోవచ్చు. రెండు వైపులా తక్కువ ఉంటే పాకెట్ లోతు చేయించాల్సిందే. చేయించే ముందు పిస్టన్ నెత్తి కింద ఎంత మందం ఉందో, పై రింగు గాడి ఎంత దూరంలో ఉందో కొలువు. పల్చబడితే అది వేడికి కుంగిపోతుంది. వాల్వ్ గైడ్‌లోంచి మొనదేలిన రాడ్డు దింపితే వాల్వు కేంద్రం ఎక్కడో పిస్టన్ మీద గుర్తు పడుతుంది, ఆ గుర్తు మీద మిల్లింగ్ చేయించు. కోసిన అంచులు పదునుగా వదిలేయొద్దు, ఆ అంచులు ఎర్రగా కాలి స్పార్క్ రాకముందే మంట అంటిస్తాయి. పాకెట్ లోతయ్యాక కంప్రెషన్ కాస్త తగ్గుతుంది, సిరంజితో కిరోసిన్ పోసి, ఎంత పడుతుందో చూసి మళ్లీ లెక్క చూసుకో.

[ప్రశ్న: ప్లగ్ అండ్ ప్లే అని రాసిన కిట్ వేస్తే కూడా ఇవన్నీ చూడాలా?]

కిట్ తయారు చేసినవాడు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజన్‌లో చూసి రాసి ఉంటాడు. నీ ఇంజన్‌కు ముందే ఒకసారి హెడ్ ఫేసింగ్ అయిందా, సీట్లు మార్చారా, అది ఆయనకు తెలియదు. సెకండ్ హ్యాండ్ బండి అయితే నీకూ తెలియదు. చూడాలి. అన్నట్టు, సీసీ మార్చిన బండి రోడ్డు మీద తిప్పడం మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, ఆర్‌సీలో ఉన్నదానికి ఇంజన్ తేడా రాకూడదు. ట్రాక్ మీదికి తీసుకుపోయేవాళ్ల కోసం చెప్తున్నానే గానీ, సప్తగిరి సర్కిల్‌లో చూపించుకోవడానికి కాదు.

[ప్రశ్న: హెడ్ బిగించేశాం అన్నా. ఇప్పుడు విప్పకుండా చూసే దారి ఉందా?]

స్క్రూ టాపెట్ ఉన్న ఇంజన్ అయితే ఉంది. ట్యాపెట్ కవర్ తీసి, డయల్ గేజ్ ముల్లు రిటైనర్ మీద ఆనించు. ముందు టాపెట్ గ్యాప్ సున్నా చేసి, క్రాంక్‌ను ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో టీడీసీకి 10 డిగ్రీల ముందు నిలబెట్టు, గేజ్ సున్నా పెట్టు. అక్కడి నుంచి ఎగ్జాస్ట్ టాపెట్ స్క్రూను మెల్లగా లోపలికి బిగిస్తూ పో, వాల్వు కిందికి దిగుతుంది. పిస్టన్‌కు తగలగానే స్క్రూ గట్టిపడుతుంది, అక్కడే ఆపి గేజ్ చదువు. ఒకటిన్నర దిగేలోపే ఆగిపోయిందంటే హెడ్ విప్పాల్సిందే. రెండు దాటినా ఇంకా దిగుతూ ఉంటే అక్కడితో ఆపేయ్, చివరిదాకా పోవాల్సిన పని లేదు. కానీ ఒక్క చోట చూసి వదిలేయకు. స్క్రూ వెనక్కి తీసి, గ్యాప్ మళ్లీ సున్నా చేసి, 15 దగ్గర, 5 దగ్గర కూడా అదే పని చెయ్యి. స్క్రూ లోపలికి ఉండగా మాత్రం క్రాంక్ తిప్పొద్దు, ఆ స్థితిలో తిప్పితే మనమే వాల్వును పిస్టన్ మీద పెట్టి నొక్కినట్టు. అంతా అయ్యాక టాపెట్ మాన్యువల్ ప్రకారం మళ్లీ సెట్ చేసి, లాక్ నట్టు బిగించి, రెండు చుట్లు తిప్పి ఇంకోసారి ఫీలర్ గేజ్ పెట్టి చూసుకుని కవర్ మూసెయ్.